అరిగిన బొటనవేలు, ఆముదం పూసిన తాడు

పోయిన నెల నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి నల్గొండ వెళ్లాను. పింఛను తీసుకునే ముసలివాళ్లం ఏడాదికోసారి చేయవలసిన పని ఇది. మనిషి నడుచుకుంటూ వచ్చి, ఎదురుగా కూర్చుని, చెమట తుడుచుకుని, మంచినీళ్లు అడిగి తాగినా అది రుజువు కిందికి రాదట. అగ్గిపెట్టె అంత యంత్రం ఒకటుంటుంది. దాని అద్దం మీద బొటనవేలు పెడితే, అది ఒప్పుకోవాలి మనం బతికున్నామని. నేను కుడి వేలు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. ఎడమ వేలు పెట్టాను. మళ్లీ ఎర్ర దీపమే. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి, మా చిన్న మనవరాలి ఈడుది, నా చెయ్యి పట్టుకుని బొటనవేలిని వెలుతురులోకి తిప్పి చూసింది.

"అవ్వా, నీ వేలికి గీతలే లెవ్వు. మొత్తం అరిగిపోయినయ్. ఏం పని చేసేటిదానివి?"

"కండెలు చుట్టేటిదాన్ని బిడ్డా. తర్వాత మగ్గం గూడ నేసిన."

"గందుకే. దారం తిన్నది నీ వేలిని."

"పోనీ సంతకం పెడత. తెలుగుల పెట్టమంటవా, ఇంగ్లీషుల పెట్టమంటవా?"

"సంతకం నడువదవ్వా. వేలిముద్రనే గావాలె. జర గా బెంచీ మీద కూసో, లైను అయిపోయినంక మల్లొకసారి చూద్దాం."

బెంచీ మీద కూర్చున్నానే కానీ నాకు నవ్వు ఆగలేదు. మా చిన్నప్పుడు అక్షరం రానివాళ్లు సిరాలో వేలు ముంచి కాగితం మీద ఒత్తుతూ సిగ్గుపడేవాళ్లు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, జన్మలో ఒక్కసారి కూడా నా వేలు సిరాలో మునగకూడదని పట్టుబట్టి, లైబ్రరీలో కూర్చుని సొంతంగా చదువుకున్నాను. తీరా ఎనభై దగ్గరపడ్డాక, నీ సంతకం మాకొద్దు, వేలే పెట్టమంటున్నారు. పెడదామంటే ఆ వేలు లేదు. ఇంతకీ వేలి మీది గీతలు యంత్రాలకు చూపించడానికి పుట్టినవి కావు. పట్టుకున్న వస్తువు చేతిలోంచి జారకుండా ఉండటానికే చర్మం అట్లా గరుకుగా గీతలు పడి ఉంటుందని ఎప్పుడో ఒక పుస్తకంలో చదివాను. అంటే నా వేలు పోగొట్టుకున్నది ఘర్షణను. ఆ మాట మనసులో మెదలగానే, చాలా ఏళ్లుగా గుర్తురాని ఒక వాసన, మాడిన ఆముదం వాసన, ఆ కంప్యూటర్ల గదిలోకి వచ్చి నా పక్కనే కూర్చుంది.

మా ఇల్లు దేవరకొండలో, ఖిల్లా గుట్ట కనిపించే ఒక వాడలో ఉండేది. వాడ పొడుగునా మగ్గాలే. ఇంట్లో తెల్లారిందంటే ఏదో ఒకటి మరొకదానికి రాసుకుంటూనే ఉండేది. ముందుగా విసుర్రాయి మొదలుపెట్టేది. దాని గరగర వింటే జొన్నలు ఎంత మిగిలాయో పడుకునే చెప్పవచ్చు. తర్వాత అమ్మ వాకిట్లో గొంతుక్కూర్చుని బూడిదతో, కొబ్బరి పీచుతో గిన్నెలు తోమేది. అవ్వ, అంటే మా బాపు తల్లి, నీళ్లు పోసుకునే జాలాట్లో నిలబడి మడమలను గరుకు రాయికి వేసి రుద్దేది. ఆ పగుళ్ల చప్పుడుకు నాకు పళ్లు జివ్వుమనేవి. రోట్లో ఎండుమిరపకాయలు నూరుతుంటే ఇల్లంతా తుమ్ములు. అన్నిటి మీదుగా పులిసిన గంజి వాసన, తడిసిన నూలు వాసన. చివరికి బాపు మగ్గం గుంటలో కాళ్లు దించేవాడు. దాంతో కిర్రుమని మొదలయ్యేది మా మగ్గం. వాడలో ప్రతి మగ్గానికీ ఒక గొంతు ఉండేది, మాది అన్నింటికన్నా పెద్ద గొంతు. తప్పిపోయిన బర్రె కూడా ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరుతుందని అనేవాళ్లు.

ఆ రోజుల్లో నాకు మాటలు పోగుచేసే పిచ్చి ఉండేది. పాత కేలండరు కాగితాల వెనకవైపున, ఒక్కో కాగితానికి ఒక్కో పని పేరు పెట్టి, దానికి సంబంధించిన మాటలన్నీ రాసేదాన్ని. అన్నింటికన్నా తొందరగా నిండిపోయిన కాగితం 'రుద్దుట'. రాపిడి, ఒరిపిడి, తోముట, నూరుట, గీకుట, గోకుట, పామకం, సానపెట్టుట, అరగదీయుట. ఒకరోజు అవ్వ నా భుజం మీంచి తొంగిచూసింది. చదవడం రాదు కానీ తొంగిచూడటం మానేది కాదు.

"ఏం రాస్తున్నవే సత్తీ?"

"రుద్దుడుకు ఎన్ని మాటలున్నయో రాస్తున్న అవ్వా."

"మాటలు రాస్తే గిన్నెలు తెల్లగైతయా?" అని మసిబారిన పప్పుగిన్నె నా ముందు పెట్టింది. కానీ మాటల కాగితం ఆమెను కూడా ఊరుకోనివ్వలేదు. కాసేపు ఆగి తనే అందుకుంది. "తోమేది గిన్నెను. రుద్దేది ఒళ్లును. నూరేది కారాన్ని. అరగదీసేది గంధాన్ని. గీకేది అడుగంటిన మాడును. ఇగ ఒరుసుకునేటియి రెండే రెండు, గోడకు బర్రె, తోడికోడలుకు తోడికోడలు. రాసుకో."

రాసుకున్నాను. చివరి రెండింటినీ ఒకే గీతలో పెట్టాను. అమ్మకు తోడికోడలైన మా చిన్నమ్మ ఆ కాగితం చదివించుకుని వినేదాకా నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

లైబ్రరీకి నన్ను తీసుకెళ్లింది ఒక తువాలు. లైబ్రరీ సారు బాపు దగ్గర తువాలు నేయించుకున్నాడు, నేను ఇచ్చి రావడానికి వెళ్లాను. కిరాయి ఇంట్లో ఒకే ఒక గది. రెండు పొడుగు బల్లలు, నాలుగు బీరువాలు, పేపరును ముక్కలు చేసి పంచుకుని చదువుతున్న ఏడెనిమిది మంది మగవాళ్లు. కళ్లజోడు కాడకు దారం చుట్టుకున్న సారు, తువాలు మడత విప్పి చూసుకుంటూ, "సదువుడు వస్తదా?" అని అడిగాడు. వస్తుందన్నాను. బీరువా వైపు చెయ్యి చూపాడు. అంతే. రెండేళ్లలో ఆ బీరువాల్లో నేను ముట్టని అర లేదు. పశువుల రోగాల మీద చదివాను, బావులు తవ్వడం మీద చదివాను, సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందో చదివాను. అగ్నిపర్వతాల పేర్లు ఆరు తడుముకోకుండా చెప్పగలిగేదాన్ని. వాడలో వాటితో ఎవరికీ పని పడకపోవడం నా తప్పు కాదు. అవ్వ మోకాలి నొప్పి అంటే ఎముకల లెక్క చెప్పేదాన్ని. కొత్త మాట దొరికిన రోజు నన్ను భరించడం ఇంట్లోవాళ్లకు కష్టంగానే ఉండి ఉంటుంది.

అట్లాంటి సంతోషం ఎంతోకాలం సాగనివ్వని మనిషి ఎదురింట్లోనే ఉండేవాడు. రామలింగం మామ. అమ్మకు వరసకు అన్న. నేత మంచిదే కానీ, మగ్గం మీద కన్నా మా ఇంటి ముందరి అరుగు మీద ఎక్కువ సేపు ఉండేవాడు. నాకు పద్నాలుగు నిండిన ఏడు, ఒక పొద్దున బీడీ ముట్టించుకుంటూ ఎత్తుకున్నాడు.

"బావా, ఒక ముచ్చట చెప్తె కోపం జెయ్యొద్దు. నీ బిడ్డ మొగోళ్ల నడుమ కూసోని పేపర్ సదువుతాందంట. నలుగురు నాలుగు తీర్ల అనుకుంటున్నరు."

"గా నలుగురు ఎవ్వలు మామా?" అన్నాను నేను లోపలి నుంచి, రాట్నం ఆపకుండా.

"సూసినవా! నేను చెప్తనే ఉన్న. గిట్లనే ఎదురు మాట్లాడుడు నేర్పుతయి పుస్తకాలు."

బాపు మాట తక్కువ మనిషి. మాట్లాడవలసినదంతా మగ్గమే మాట్లాడుతుందన్నట్టు ఉండేవాడు. ఆ రోజు మాత్రం చేతిలోని నాడెను, దారాల నడుమ పోగును అటూ ఇటూ మోసే ఆ కొయ్యను, పక్కన పెట్టాడు. "సత్తీ, గిటు రా," అన్నాడు. వెళ్లాను. "రెండేండ్ల సంది పోతున్నవ్. నేను వద్దనలే. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్న. గా పుస్తకాలల్ల మన మగ్గానికి పనికొచ్చే ముచ్చట ఒక్కటుంటె తెచ్చి సూపెట్టు. సూపెడితె ఎవ్వలేమన్నా నిన్ను ఆప. అమాసెకు మగ్గం ఎట్లాగూ బందు వెడత, గప్పటిదాంక టైము. సూపెట్టకపోతె రాట్నం కాడ్నె కూసో. ఇగ లైబ్రరీ ముచ్చట తియ్యొద్దు."

మామ బీడీ పొగ అరుగు మీంచి గుండ్రంగా లేచింది. అమావాస్యకు ఎనిమిది రోజులుంది.

ఆ ఎనిమిది రోజుల్లో నాలుగు, అగ్నిపర్వతాల్లో మగ్గం కోసం వెతికినట్టే గడిచాయి. ఐదో రోజు, కింది అరలో, అట్ట ఊడిపోయిన సన్నని విజ్ఞాన పుస్తకం ఒకటి చేతికి తగిలింది. తెరవగానే కనిపించిన మాట, ఘర్షణ. రెండు వస్తువులు రాసుకున్నప్పుడు కదలికకు అడ్డుపడే శక్తి అది అని రాసి ఉంది. దానివల్ల మనిషి బలం వృథా అవుతుందట, వస్తువులు అరిగిపోతాయట, వేడి పుడుతుందట, చప్పుడు వస్తుందట. నూనె పూస్తే అది తగ్గుతుందట. చప్పుడు! ఆ పుస్తకం రాసినాయన ఎన్నడో ఒకరోజు మా ఇంటి ముందు నుంచి నడిచి వెళ్లి ఉంటాడనిపించింది. నా కేలండరు కాగితం మీది మాటలన్నిటికీ ఇదే ఇంటిపేరు. ఇన్నాళ్లూ నేను చిల్లర పోగుచేశాను, ఇది నోటు. చదివిందే మళ్లీ చదువుతూ 'ఘర్షణ వల్ల నష్టాలు' అన్న భాగం కంఠతా పట్టేశాను. ఇంతలో సారు తాళంచెవి బల్ల మీద టకటకలాడించాడు.

"టైమైంది బిడ్డా. గా పాఠం ఇంకా ఉన్నది, రేపొచ్చి సదువుకో."

ఇంకేముంటుంది, నాకు కావలసినది దొరికింది కదా అనుకున్నాను. పుస్తకం ఇంటికిచ్చే చందా నాకు లేదు. దాన్ని బీరువాలో పెట్టి ఒక్క ఉరుకున ఇంటికి వచ్చాను.

మరునాడు బాపు నూలు తేవడానికి పొద్దున్నే వెళ్లాడు. అమ్మ వాడ చివర పడుగుకు గంజి పట్టించే చోట ఉంది. అవ్వ జొన్నరొట్టె తిని నడింట్లో కునుకు తీస్తోంది. దూలానికి వేలాడే ఉట్టిలో ఆమె ఆముదం కుండ ఉండేది. మా చేన్లకు అటుపక్కా ఇటుపక్కా ఆముదం పంటే కాబట్టి నూనెకు కరువు లేదు కానీ, ఆ కుండ మాత్రం అవ్వ సొంతం. సొంతంగా వేయించి, దంచి, వండి తీసిన నూనె. నెత్తికి అదే, దీపానికి అదే, కీళ్ల నొప్పికి అదే, మాకు కడుపులో బాగా లేకపోతే తాగించేదీ అదే. నేను పెద్ద ముంతతో సగం దాకా వంచుకున్నాను. అవ్వ నిద్రలోనే ముక్కు ఎగబీల్చింది కానీ లేవలేదు.

ముందు కాళ్ల కింది తొక్కుడు చెక్కలకు, అవి తిరిగే కీలకు పూశాను. తర్వాత నాడె అటూ ఇటూ పరుగెత్తే ఊగుడు పలకకు, అది వేలాడే చోట్లకు. గుంటలో దిగి తొక్కి చూశాను. మాట లేదు, పలుకు లేదు. మూడు తరాలుగా అరుస్తున్న మగ్గం నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో నాకు నేనే దండం పెట్టుకోవాలనిపించింది. అప్పటికే ఆపి ఉంటే ఈ కథ లేదు. ముంతలో నూనె ఇంకా మిగిలింది. పుస్తకం చదివినవాళ్ల చేతిలో నూనె మిగలకూడదు.

పడుగు దారాలు మగ్గం నుంచి గది అవతలి గోడదాకా బారుగా సాగి ఉండేవి. వాటి కొసను ఒక జనపతాడుకు కట్టి, ఆ తాడును గోడ దగ్గరి గుంజకు మూడు చుట్లు తిప్పి, వెనక్కి తెచ్చి, తన చేతికందే మేకుకు మరో రెండు చుట్లు వేసి వదిలేసేవాడు బాపు. ముడి వేసేవాడు కాదు. బట్ట ముందుకు జరిగిన కొద్దీ జానెడు తాడు వదలాలి, ముడి ఉంటే మాటిమాటికీ విప్పుకోవాలి. చుట్లే పట్టుకునేవి. ఆ గుంజ మీద ఏళ్ల తరబడి తాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత గాడి పడింది. అది చూసి నాకు జాలి కలిగింది. ఇంట్లో ఇంతకన్నా పెద్ద ఘర్షణ ఎక్కడుంది? వస్తువులు అరిగిపోతాయని పుస్తకంలో ఉన్నది దీని గురించే. గుంజకు పూశాను. మేకుకు పూశాను. తాడును విప్పే ధైర్యం లేక, చుట్ల సందుల్లోకి కోడి ఈకతో ముంచి ముంచి పోశాను. జనప నార దప్పిక మీద ఉన్నట్టు తాగింది. మిగిలింది నా జడకు రాసుకున్నాను.

అమావాస్య ముందురోజు పొద్దున బాపు గుంటలో దిగి నాలుగు పోట్లు వేసి ఆగిపోయాడు. చెవి పక్కకు వంచాడు. మళ్లీ రెండు పోట్లు వేశాడు.

"మగ్గానికేమైందే? గొంతు వడ్డదా?"

"ఘర్షణ తగ్గించిన బాపూ," అన్నాను. ఆ మాట కోసం రాత్రంతా ఎదురుచూశాను.

మగ్గం చప్పుడు వినబడకపోయేసరికి ఏదో చెడు జరిగిందనుకుని రామలింగం మామ చెప్పులు లేకుండానే ఉరికొచ్చాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. అవ్వ కూడా వచ్చింది, కానీ ఆమె ముక్కు మాత్రం మగ్గం వైపు, నా జడ వైపు, ఉట్టి వైపు తిరుగుతోంది. ఇంత మంది నా ఎదుట ఎన్నడూ నిలబడలేదు. రాట్నం పక్కన పెట్టి లేచి నిలబడి నష్టాలన్నీ ఒప్పజెప్పాను. బలం వృథా, అరుగుదల, వేడి, చప్పుడు. బాపు నేస్తూనే విన్నాడు. కాళ్లకు తేలికగా ఉన్నట్టు ముఖంలో తెలుస్తోంది.

"నిజమే రామలింగం. సగం జోరుతోనే తొక్కుడు పడుతున్నది."

మామ నమ్మలేక, ఎక్కడో మోసముందని పలక పక్కనే వంగి కూర్చుని చూడసాగాడు. అప్పుడు మొదలైంది. బాపు పలకను ఒక్కో పోటు గుంజినప్పుడల్లా అవతల గుంజ దగ్గర తాడు ఒక్కో వెంట్రుకవాసి జారుతోంది. వెంట్రుకవాసి వేలెడైంది, వేలెడు బెత్తెడైంది. పడుగు వదులై నడుము విరిగినట్టు కుంగింది. దారాల నడుమ దారి మూసుకుపోయింది. ఆ సంగతి నాడెకు తెలియదు కదా, నూనె తాగిన జోరు మీద ఉంది. వదులు దారాలకు ముక్కు తగిలి పైకెగిరి, పలక దాటి, రామలింగం మామ మోకాలి చిప్ప మీద పడింది.

"సచ్చిన్రోయ్!" అని మామ మేకు వైపు పడ్డాడు. లేవడానికి పట్టుకున్నది ఆ తాడునే. మిగిలిన చుట్లు పాము కుబుసంలాగా జారిపోయాయి. గది పొడుగునా సాగి ఉన్న పడుగు మొత్తం మెల్లగా, మర్యాదగా వచ్చి బాపు ఒడిలో పడుకుంది.

ముందుగా మాట్లాడింది అవ్వ.

"నా ఆముదం!"

ఆ తర్వాత మామ. మోకాలు రుద్దుకుంటూనే చెయ్యి ఎత్తి సాక్ష్యం చెప్పాడు. "ఇగ అయిపోయింది బావా. పొల్ల లైబ్రరీ సదువు ఇయ్యాల్టితోని బందు. నువ్వు మాటిచ్చినవ్. నేను ఇన్న."

నేను బాపు ముఖం చూడలేదు. ఒడిలోని దారాలే చూశాను. తెగినవి పదో పన్నెండో ఉంటాయి, మిగతావి చిక్కుపడలేదు. నాకు మాత్రం ఆ నాలుగు బీరువాలు ఒకదాని వెనక ఒకటి తాళం పడుతున్న చప్పుడు వినిపించింది. బాపు దారాలను అరచేతులతో దువ్వినట్టు సరిచేసి పక్కన పెట్టాడు. గుంటలోంచి పైకి వచ్చి, గుంజ దగ్గరికి వెళ్లి, గాడిలో వేలు పెట్టి జారించి చూసి, ఆ వేలును తన నెత్తికి రాసుకున్నాడు.

"సత్తీ, గా పుస్తకంల గింతేనా ఉన్నది?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. కానీ సారు టకటకలాడించిన తాళంచెవి గుర్తొచ్చింది. "ఇంకా ఉన్నదన్నడు సారు. నేనే సదువలే."

"మరి సగం సదివి నా మగ్గం మీదికొచ్చినవా?"

"ఆ."

బాపు పెదవుల చివర కదిలినది కోపమో నవ్వో నాకు ఇప్పటికీ తెలియదు. "ముందుగాల తాడు సాఫ్ జెయ్యి. పొద్దుగూకకముందే మిగిలింది సదవాలె. అమాసె రేపు గదా, టైమున్నది. నేను గూడ వస్త," అన్నాడు.

శిక్ష అవ్వ చేతిలో పడింది. తాడు విప్పి, బూడిద చల్లి, కుంకుడు నురగ పోసి, రాయి మీద వేసి రుద్దమంది. ఘర్షణను పోగొట్టడానికి నాకు కోడి ఈక సరిపోయింది, తిరిగి తేవడానికి రెండు చేతులూ చాల్లేదు. రుద్దాను, తోమాను, పామాను, గీకాను. నా కాగితం మీద రాసుకున్న మాటలన్నీ ఆ పూట నా అరచేతుల మీదుగా నడిచాయి. పక్కన పీట వేసుకుని కూర్చున్న అవ్వ, "ఒరుసుడు మర్చిపోయినవ్. మనిద్దరం ఒరుసుకుంటున్నం గదా, రాసుకో," అంది.

సాయంత్రం బాపు ఉతికిన అంగీ వేసుకున్నాడు. లైబ్రరీ గడప దగ్గర చెప్పులు వదిలి, గుళ్లోకి అడుగుపెట్టినట్టు లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. పేపరు చదివేవాళ్లు తలలెత్తి చూశారు. నేను పుస్తకం తెరిచి, ఆగిన పేజీ తిప్పాను. తిప్పిన వెంటనే ఉంది: ఘర్షణ వల్ల లాభాలు. పైకి చదవమన్నాడు బాపు. ఘర్షణ లేకపోతే నేల మీద అడుగు నిలవదు. గోడలో మేకు నిలవదు. చుట్టిన తాడు నిలవదు. ఆ మాట దగ్గర బాపు ముందుకు వంగాడు.

"మల్లొకపారి సదువు."

చదివాను.

"సారూ, గిది రాసినాయిన మగ్గం నేసేటోడా?" అని అడిగాడు.

"కాదనుకుంట. ఎందుకు?"

"గిది నాకు తెల్సిన ముచ్చటనే. మా తాత చెప్పిండు. నాకు తెల్సింది గిట్ల అచ్చుల గూడ ఉంటదని నాకెర్క లేదు." ఆ మాట అంటున్నప్పుడు బాపు ముఖంలో వచ్చిన వెలుగును మళ్లీ నేను చాలా తక్కువసార్లు చూశాను. సారు వైపు తిరిగి, "ఇంటికి పుస్తకం తీస్కపోవాలంటె ఏం జెయ్యాలె?" అన్నాడు. ఒక తువాలు చాలన్నాడు సారు, నవ్వుతూ. బాపు రెండు ఇచ్చాడు.

దారిలో నా వైపు చూడకుండానే చెప్పాడు. "పుస్తకంల ఒకటి తక్కువున్నది. నూనె పుయ్యమన్నడు గని ఎంత పుయ్యాల్నో రాయలే. గది నేను చెప్త." చెప్పనవసరం లేకుండానే నేను చూసి ఎరుగుదును. నేస్తూ నేస్తూ నాడె కొంచెం బరువుగా నడుస్తోందనిపిస్తే, బాపు దాన్ని తీసి తన జుట్టు మీద ముందు నుంచి వెనక్కి ఒక్కసారి రాసి మళ్లీ వదిలేవాడు. తలలో ఎంత నూనె ఉంటుందో నాడెకు అంతే కావాలి. ఎక్కువైతే దారానికి మరక, తక్కువైతే చేతికి బరువు. ముంత కొలత కాదు అది, నెత్తి కొలత. మర్నాటి నుంచి మగ్గం తొక్కుడు చెక్కలకు నూనె వేసే పని నాదే అయింది. వారం తిరగకముందే రామలింగం మామ కూడా వచ్చి అరుగు మీద కూర్చుని, బీడీ ఆర్పి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "సత్తీ, మా మగ్గానికి గూడ గా ఘర్షణ జర తీసెయ్యి. తాడు జోలికి పోతె మాత్రం కాళ్లు ఇరగ్గొడత." మా అవ్వ ఆముదం కుండకు మాత్రం ఆ రోజు నుంచి మూతి మీద గుడ్డ, గుడ్డ మీద మూడు ముడులు. చుట్ల మీద ఆమెకు నమ్మకం పోయింది.

ఇప్పుడు మా వాడలో మగ్గాలు రెండే మిగిలాయి. మిగిలిన గుంటలు పూడ్చి, వాటి మీద నున్నటి బండలు పరిచారు. ఆ బండల మీద నా ఈడువాళ్లు జారిపడి తుంటి ఎముకలు విరగ్గొట్టుకుంటున్నారు. జారకుండా ఉండేందుకు వాళ్ల కొడుకులు గరుకు చాపలు కొనుక్కొచ్చి వేస్తున్నారు, గరుకును కూడా దుకాణంలో అమ్ముతున్నారు మరి. గిన్నెలకు మాడు అంటదు, గీకే పని లేదు. పచ్చడి మర తిప్పుతుంది. మనవలు అద్దం మీద వేలు జార్చి లోకమంతా చూసి వస్తారు, ఎక్కడా వేలు ఆగదు. నాకు దాని మీద కోపం లేదు. అమ్మ చేతులు బూడిదలో పగిలిపోవడం చూసినదాన్ని, నునుపును తిట్టే నోరు నాకు లేదు. కాకపోతే మా ఇంట్లో ప్రతి పనికీ ఒక గరుకు మాట ఉండేది. ఆ మాట చెవిలో పడితే ఎవరు ఏ మూల ఏం చేస్తున్నారో తెలిసేది. పనులు నునుపెక్కిన కొద్దీ మాటలు కూడా జారిపోయాయి. నా కేలండరు కాగితం మీది వాటిలో సగం మా మనవరాలికి అర్థం చెప్పవలసి వచ్చింది. ఒరుసుకోవడం ఒక్కటి మాత్రం చెప్పకుండానే తెలిసింది, తనకూ ఒక తోడికోడలు ఉంది కాబట్టి.

"అవ్వా! లైను అయిపోయింది, రా. జర మల్ల పెట్టి సూడు," అని పిలిచింది బల్ల వెనకాల అమ్మాయి. పెట్టాను. ఎర్ర దీపం. ఆమె నిజంగానే బాధపడింది. "మరీ పొడిగున్నది నీ వేలు, మిషన్ పట్టుకుంటలేదు. సోమవారం ఇంకో మిషన్ తెప్పిస్తరట, గప్పుడు రా."

సోమవారం దాకా బతికి లేకుండా ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. కొంగు వెనక్కి తీసి, బొటనవేలిని పాపిట మీద పెట్టి, ముందు నుంచి వెనక్కి ఒక్కసారి రాశాను. ఇన్నేళ్లయినా తలకు ఆముదం మానలేదు నేను. ఆ వేలు తెచ్చి అద్దం మీద ఆనించాను. యంత్రం కాసేపు ఆలోచించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"అరె!" అంది అమ్మాయి. వెనక కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు అప్పటికే తమ తలలు తడుముకుంటున్నారు. "గిదెక్కడ సదివినవ్ అవ్వా?"

"సగం లైబ్రరీల సదివిన బిడ్డా," అన్నాను, సంచి భుజానికి తగిలించుకుంటూ. "మిగిలిన సగం మా బాపు నెత్తి మీద."